నిద్రపట్టీ మీద ఒక మోత

చెవుల పడవ రోజువారీ రాత. రాసేది దాలమ్మ, పొరలు చదివే మనిషి. పడవలో వంట కూడా నాదే. మా ఆయన వండితే చచ్చిన చేప కూడా లేచి నీళ్లలోకి దూకుతుంది.

పుష్య బహుళ తదియ

తుఫానుల నెలలు గడిచాయి, ఇవాళ పడవ కట్లు విప్పాం. చెవుల తాడును చుట్టి ఒడ్డున భద్రంగా పెట్టుకోవడానికి మనకు ఒడ్డంటూ ఉంటే కదా. ఇన్నాళ్లూ నీళ్లలోనే నాని ఒళ్లంతా గుల్లలు పట్టించుకుంది. పొద్దుట్నుంచి నేనూ మా ఆయన ఎల్లాజీ చెరోవైపు కూర్చుని గీకుతున్నాం. ఆయన పడవ నడుపుతాడు, నేను పొరలు చదువుతాను. గీకుడు చప్పుడు తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు. ఆయనకు మాటలు తగ్గిపోయి నాలుగేళ్లు. ఆయన వాటా కూడా నేనే మాట్లాడేస్తుంటాను కాబట్టి పడవకు లోటేమీ లేదు.

నా తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ల కోసం ఒక్కసారి రాసి పెడతాను. పడవ వెనక నీళ్లలో మోతగొట్టం ఉంటుంది. అది బిగించిన గాలిని ఒక్కసారిగా వదిలి ధబ్బుమంటుంది. ఆ మోత అడుక్కి దిగి, మన్ను పొరలకు తగిలి వెనక్కొస్తుంది. వెనకాలే ఈదుకుంటూ వచ్చే పొడుగాటి తాడులో మైకులుంటాయి, అవి వింటాయి. విన్నదంతా స్క్రీన్ మీద గీతలవుతుంది. ఉతికి మడతపెట్టి పేర్చిన చీరల్లా ఒక పొర మీద ఒక పొర కనిపిస్తే వాలు బాగున్నట్టు. మడత జారితే బాగాలేనట్టు. ఇంతే విద్య, మిగతాదంతా ఓపిక.

మన గొలుసుపేటలో ఇళ్లన్నీ తెప్పల మీద, తెప్పలన్నీ గొలుసుల మీద, గొలుసులన్నీ అడుగున వాలులో పాతిన లంగర్ల మీద ఉన్నాయి. ఒడ్డు మునిగాక మన ముందువాళ్లు లోతు తక్కువ చోట ఉండి చూశారు, అక్కడ తుఫాను అల విరిగి నెత్తిన పడేది. అందుకని నేల ఏటవాలుగా దిగిపోయే చోట, లోతు నీళ్ల మీద ఊరు కట్టుకున్నారు. వాలు నిలిచినంత కాలమే ఊరు నిలుస్తుంది.

ఊరికి దిగువన నిద్రపట్టీ ఉంది. పోయినవాళ్లను పాత వలలో చుట్టి, రాళ్లు కట్టి అక్కడే దించుతాం. దాని మీదికి రాగానే మోతగొట్టం ఆపేయాలి. పడుకున్నవాళ్ల మీద మోత మోగించకూడదన్నది మొదటి కలరా ఏడు నుంచీ ఉన్న కట్టు. ఇంజను కూడా ఆపి, తాడు మాత్రం వింటుండగా నీటి వాటాన అలా దాటుతాం. పటంలో ఆ మేర ఖాళీ వస్తుంది. ఇవతలి గీతనూ అవతలి గీతనూ పెన్సిల్‌తో కలిపేస్తాం. నాకు పని నేర్పినావిడ అలాగే కలిపేది, ఆవిడకు నేర్పినాయనా అంతే.

పడవ తిరిగొచ్చేసరికి రేవు తెప్ప మీద బోడెమ్మప్ప కూర్చుని ఉంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పట్టీలో ఉన్నాడు. మావోడు ఎలాగున్నాడే అని అడిగింది. బాగా పడుకున్నాడప్పా అన్నాను. అడగడమూ ఆచారమే, ఆ జవాబూ ఆచారమే. నన్ను ఎవరూ అడగక్కర్లేదు, నాకు నేనే చెప్పుకుంటాను. మా కూతురు గున్నమ్మ కూడా ఆ పట్టీలోనే ఉంది. నాలుగేళ్ల కిందట తుఫానులో జ్వరమొచ్చింది, మందుల పడవ రాలేకపోయింది. దానికప్పుడు పదకొండేళ్లు.

పుష్య బహుళ నవమి

మూడు చుట్లు తిరిగాం. పట్టీకి ఇవతలి గీతలు, అవతలి గీతలు ఒకదానికొకటి ఎదురుగా లేవు. ఇవతలివి కాస్త కిందికి దిగాయి. మొదట తాడు సర్దుకోలేదనుకున్నాను, బరువులు మార్చి కట్టాను. రెండోసారి మైకుల మీద అనుమానపడ్డాను. మూడోసారి అనుమానపడటానికి నేను తప్ప ఇంకేం మిగల్లేదు.

పెన్సిల్‌తో ఏటవాలుగా కలిపాను. చూడటానికి బాగానే ఉంది. అబద్ధం ఎప్పుడూ చూడటానికి బాగానే ఉంటుంది.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం ఊరి గొలుసులన్నీ ఒక్కసారి గుంజిన సంగతి ఇవాళ గుర్తొచ్చింది. తుఫాను ఇంకా రెండు రోజుల దూరంలో ఉంది. తెప్పలు కుదుపుకి ఎగిరి, పొయ్యి మీదున్న చేపల పులుసు మొత్తం ఒలికిపోయింది. దూరంనుంచి వచ్చిన పెద్ద అల అనుకున్నాం. చింతపండు దొరకని రోజుల్లో పెట్టిన పులుసు కదా, సముద్రాన్ని సాయంత్రం దాకా తిట్టాను.

మాఘ శుద్ధ తదియ

పట్టీ మీద ఇంజను ఆపి ఉండగా హెడ్‌ఫోన్లలో చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. కాస్త ఆగి మళ్లీ. చేపలు చేసే చప్పుళ్లు నాకు తెలుసు, రొయ్యల చిటపటలు తెలుసు. ఇది ఆ జాతి కాదు.

ఎల్లాజీ నా మొహం చూసి హెడ్‌ఫోన్లు తీసుకున్నాడు. వింటూ వింటూ అలాగే చుక్కాని పక్కన కూలబడిపోయాడు.

"ఓలె, మన గుంట తడతన్నాదే," అన్నాడు.

ఆయన గుంట అనేది గున్నమ్మనే. దానికి ఆకలేస్తే తెప్ప అంచు బల్ల మీద మూడుసార్లు తట్టేది. కింద పడవలో పని చేసుకుంటున్న మేం రెండుసార్లు తడితే వస్తున్నామని. ఒక్కసారి తడితే కాస్త ఆగమని. ఒక్క తట్టుకు అది ఎప్పుడూ ఊరుకునేది కాదు, వెంటనే మళ్లీ మూడు తట్టేది. ఎల్లాజీ నవ్వేవాడు, నేను విసుక్కునేదాన్ని.

ఇవాళ ఆయన పడవ చెక్క మీద రెండుసార్లు తట్టి జవాబిచ్చాడు. సాయంత్రం గడ్డం గీసుకున్నాడు. అన్నం అడిగి మరీ వడ్డించుకున్నాడు. పులుసులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత నా వంటకు వంక పెట్టాడు, నాకు ఏడుపొచ్చింది. ఆ చప్పుడు గురించి నాకు అనిపించిన మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మాఘ శుద్ధ ద్వాదశి

ఆయన నోరు విప్పక నాలుగేళ్లయిందా, విప్పిన వారంలో ఊరంతా పాకింది. నిద్రపట్టీలో మనవాళ్లు తడుతున్నారట. పొద్దున్నే పడవ దగ్గర జనం. పసుపు కుంకాలు, కొబ్బరికాయ బదులు ఎండు చేపల దండలు. ఊరిపెద్ద దానయ్యగారు వచ్చి రోజూ ఒక చుట్టు పట్టీ మీదికి తీసుకెళ్లమన్నాడు. ఆయన భార్య కూడా ఆ పట్టీలోనే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ఏదో చెప్పుకున్నాడు. ఊరంతటికీ తీర్పులు చెప్పే మనిషి, పడవ దిగేటప్పుడు చిన్నపిల్లాడిలా నా భుజం పట్టుకున్నాడు.

బోడెమ్మప్ప విని, "మావోడికి ఎప్పుడూ తొందరే. ఆగు నాయినా అంటే ఇనడు," అంది. అందరూ నవ్వారు. ఇంత సంతోషం ఈ ఊళ్లో నేను చూడలేదు.

తాడులో ఏ చెవి ముందు విందో చూస్తే చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. జనం వెళ్లిపోయాక కూర్చుని చూశాను. అది పట్టీలోంచి రావడం లేదు. పట్టీకి ఎగువన, మన లంగర్ల దగ్గరనుంచి వస్తోంది. పోయిన వారం ఉత్తరం కొసన ఉంది, ఇప్పుడు ఊరి మధ్యదాకా వచ్చింది. చీర అంచు చిరిగితే ఆ చిరుగు ఎలా పాకుతుందో అలా పాకుతోంది.

మాఘ పౌర్ణమి

ఏటా ఇవాళ ఊరంతా సముద్రస్నానం చేస్తాం. సముద్రంలోనే బతికేవాళ్లకు సముద్రస్నానమేమిటని నేను ప్రతి ఏడూ అంటాను, ప్రతి ఏడూ అందరికంటే ముందు మునుగుతాను. ఈసారి పడవలన్నీ పట్టీ మీదికి వెళ్లాయి. తట్టుడు బాగా జోరుగా ఉంది. జనం దండాలు పెట్టారు.

తిరిగొచ్చాక ఎల్లాజీకి చెప్పేశాను. మంచులా గడ్డకట్టిన గాలి ఆ మన్ను కింద ఉందనీ, నీళ్లు వేడెక్కి అది కరుగుతోందనీ, పైనున్న మన్ను కదులుతోందనీ, ఆ చప్పుడు అదేననీ చెప్పాను. ఆయన వల కుడుతూ విన్నాడు. నేను ఆపాక కూడా కుడుతూనే ఉన్నాడు. ముడి తప్పు వేశాడు, విప్పాడు, మళ్లీ తప్పే వేశాడు. తర్వాత లేచి పడవలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

నా మొగుణ్ణి నాకు తిరిగిచ్చిన చప్పుడది. నేనే దాన్ని చంపాల్సి వస్తోంది.

మాఘ బహుళ చవితి

ఊరి పెద్దల ముందు చెప్పాను. పట్టీ మీద ఒక్కసారి మోత కొట్టనివ్వండి, అడుగు ఎలా ఉందో చూపిస్తాను అన్నాను. ముందు అందరూ నవ్వారు, ఆ తర్వాత నవ్వలేదు. ఒకాయన నా తలకు నూనె పెట్టమన్నాడు.

దానయ్యగారు మాత్రం మర్యాదగానే అడిగాడు. వాలు చెడిందని చూపించే పటం ఉందా అన్నాడు. మోత కొడితేగాని పటం రాదన్నాను. పటం చూస్తేగాని మోతకు ఒప్పుకోలేనన్నాడు. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు అన్న సామెత మా పెద్దల సభ చూసే పుట్టి ఉంటుంది.

"ఆళ్లు ఇన్నేళ్లకి నోరిప్పితే, మనం ఆళ్ల సెవుల్లో మోత మోగిత్తామా అమ్మీ?" అన్నాడు. కోపంగా అనలేదు.

మాఘ బహుళ నవమి

రెండు గొలుసులు బిగుసుకుపోయాయి. ఆటుపోటుతో సంబంధం లేకుండా దక్షిణం తెప్పలు దిగువకు ఒరిగాయి. తట్టుడు ఇప్పుడు ఎడతెరిపి లేకుండా ఉంది. జనం రోజంతా విని పొంగిపోతున్నారు.

పొద్దున గంజి తాగుతుండగా ఎల్లాజీ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు కన్న తల్లివి. ఒక్క మాట సెప్పు. అది మన గుంట కాదా?"

ఆయన కళ్లలోకి చూడకుండా చెబుదామనుకున్నాను. చూసే చెప్పాను.

"కాదు మావా. మన్ను."

ఆయన లేచి గిన్నె కడిగి బోర్లించాడు.

"మరైతే మోత నానే కొడతాను. నీ సెయ్యి వొద్దు. రేపు ఊరు నిన్ను తిట్టకూడదు."

కంప్రెసర్‌లో గాలి నింపాను. ఎవరికీ చెప్పలేదు. పట్టీ అంచుకు రాగానే అలవాటుగా నా చెయ్యి ఆపే మీటమీదికి వెళ్లింది, ఆయన నా చెయ్యి పక్కకు తీశాడు. వంగి పడవ చెక్క మీద రెండుసార్లు తట్టాడు. ఆ తర్వాత మీట నొక్కాడు. నీళ్లు ఉబికి లేచాయి. ఊళ్లో అందరూ విన్నారు. ఇంతకాలానికి పట్టీ మీద అదే మొదటి మోత.

పట్టీ ఈ కొసనుంచి ఆ కొసదాకా ఆయన నొక్కుతూనే ఉన్నాడు. నేను స్క్రీన్ ముందు కూర్చున్నాను. గీతలు ఒక్కొక్కటే పడుతున్నాయి. నేను పగులు కనిపిస్తుందనుకున్నాను. కనిపించింది, లంగర్ల కిందుగా నిలువునా ఉంది. కానీ నేను అనుకోనిది ఇంకొకటి ఉంది. పట్టీలో ఉండాల్సిన పై పొరలు లేవు. చెంచాతో పెరుగు తీసినట్టు ఆ మేరకు మన్నంతా లేచిపోయింది. ఊరున్న మన్నుకు కింద ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు. బాగా దిగువన, చీకటి లోతులో, నలిగిన గుడ్డలు కుప్పేసినట్టు ఒక పెద్ద మన్ను కుప్ప ఉంది.

ఎల్లాజీ నా వెనక నిలబడ్డాడు. గుంట ఎక్కడుందని అడిగాడు. పట్టీలో మేం దించిన చోట వేలు పెట్టి, ఇక్కడ లేదు మావా అన్నాను. వేలు కిందికి జరిపి కుప్ప చూపించాను. ఆ కుప్పలో ఎక్కడో.

"ఎప్పుడు?"

"ఆశ్వయుజంలో. గొలుసులు గుంజిన పూట."

ఆ పూట మనం ఏం చేస్తున్నామని అడిగాడు. ఆయనకే గుర్తొచ్చింది. పులుసు ఒలికిందని సముద్రాన్ని తిట్టాను. నా కూతురు వెళ్లిపోతుంటే నేను పులుసు గురించి ఏడ్చాను.

మాఘ బహుళ దశమి

నిన్న రేవు తెప్ప మీద జనం కర్రలతో నిలబడ్డారు. కొట్టలేదు. ఎవరూ ఎల్లాజీతో మాట్లాడలేదు, అది కొట్టడం కంటే ఎక్కువ. ఆయనకు మాట లేకపోవడం అలవాటే అనుకుంటారు. ఊరు మాట్లాడకపోవడం వేరు.

దానయ్యగారు ఒక్కడే పడవెక్కాడు. పటం చాలాసేపు చూశాడు. గీతలు చదవడం ఆయనకు రాదు, కానీ లేని చోటు లేనట్టు తెలుస్తూనే ఉంది. తన భార్య ఉండాల్సిన చోట వేలు పెట్టమన్నాడు. పెట్టాను. అక్కడ నీళ్లే ఉన్నాయి.

"ఆళ్లు ముందే ఎలిపోనారు," అన్నాడు చివరికి. "మనవేటి ఇక్కడ కాపలా కాత్తన్నాం?"

గొలుసులు కోయాలని సాయంత్రానికి తీర్మానమైంది. ఉత్తరాన నేల బల్లపరుపుగా ఉన్న చోటికి తెప్పలన్నిటినీ పడవలకు కట్టి లాక్కుపోవాలి. పటం చూశాక ఎవరూ మళ్లీ హెడ్‌ఫోన్లు అడగలేదు.

మాఘ బహుళ త్రయోదశి

అందరూ మూటలు కట్టారు, బోడెమ్మప్ప తప్ప. తన తెప్ప గొలుసు కోయనివ్వనంది. కొడుకు తడుతుంటే వదిలేసి ఎక్కడికి వస్తానంది. కోసే మనుషులు ఆమెకు దండం పెట్టి వెనక్కొచ్చేశారు. ఆవిడ వినేది నీ ఒక్కదాని మాటే అని నన్ను పంపారు.

ఏడాది పొడుగునా నేను చెప్పిన మాటే ఆమెను అక్కడ కట్టేసింది. ఆ ముడి నేనే విప్పాలి. పక్కన కూర్చున్నాను. నీ కొడుకు అక్కడ లేడప్పా అన్నాను. గున్నమ్మా లేదు, ఎవరూ లేరు, ఆశ్వయుజంలోనే లోతుకు జారిపోయారు అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "మరి మొన్న పడవ దిగి, బాగా పడుకున్నాడని ఎవుల్ని గురించి సెప్పినావే?"

ఆమె కాసేపు సముద్రంకేసి చూసి లేచింది. వంట గిన్నెలు ఒక్కొక్కటే వల సంచిలో వేసుకుంది. నేను సాయం చేయబోతే గిన్నె వెనక్కి లాక్కుంది. నా తల్లిలాంటి మనిషి. బతికించుకున్నాను, పోగొట్టుకున్నాను.

ఫాల్గుణ శుద్ధ విదియ

గొలుసులు కోశాం. ఒక్కొక్కటీ తెగి నీళ్లలోకి జారుతుంటే ఆడవాళ్లు ఏడ్చారు. ఊరు ఉత్తరానికి కదిలింది. మా చెవుల పడవ అందరికంటే వెనక. పట్టీ మీదనుంచి దాటేటప్పుడు ఎవరూ చెప్పకుండానే అన్ని పడవలూ ఇంజన్లు ఆపాయి. కింద ఎవరూ లేరని తెలుసు. అయినా ఆపారు. నీటి వాటాన మెల్లగా దాటాం.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

కొత్త చోట లంగర్లు దించాం. అన్నం వార్చుతుండగా తెప్పలన్నీ ఒక్కసారి పైకి లేచి కిందికి దిగాయి. అంతే, గంజి కూడా ఒలకలేదు. నేను పరుగెత్తి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. దక్షిణంనుంచి సన్నగా మొదలై, పెరిగి పెరిగి, కొండ మూలుగుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. అది తగ్గిపోవడానికి చాలాసేపు పట్టింది. మన ఊరున్న చోటు పోయింది. అందరం ఉన్నాం. దానయ్యగారు తెప్ప తెప్పకూ తిరిగి తలలు లెక్కపెట్టుకుని, ఎల్లాజీ దగ్గర ఆగి, భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు. బోడెమ్మప్ప నావైపు చూడలేదు.

ఇక్కడ చనిపోయినవాళ్లను ఎక్కడ దించినా ఆ చోటు మీద మోత ఆపకూడదని తీర్మానం రాశారు. రాసింది నేనే.

ఎల్లాజీ వచ్చి రెండో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. రొయ్యల చిటపటలు తప్ప ఏమీ లేదు.

"తట్టుడు ఆగిపోనాది," అన్నాడు.

వంగి, పడవ చెక్క మీద పిడికిలి పెట్టాడు. ఎప్పటిలా రెండుసార్లు తట్టబోయి ఆగిపోయాడు. వస్తున్నామని ఎలా చెబుతాం, ఇంకా ఇన్ని తెప్పలున్నాయి, ఇంత పని ఉంది. పిడికిలి అలాగే గాల్లో ఉండిపోయింది. నేను ఆ పిడికిలి పట్టుకుని, కాస్త ఆగమని చెక్క మీద ఒక్కసారి తట్టాను.

ఒక్క తట్టుకు అది ఎప్పుడూ ఊరుకునేది కాదు. ఇద్దరం కదలకుండా చాలాసేపు విన్నాం.